ప్రతిధ్వని పలికిన సాక్ష్యము

కుమ్మరి వాకిట కుండ బేరము చేయు ఇల్లాలిని పాఠకులు చూచియే యుందురు. ఆమె ముందుగా కుండను కంటితో పరీక్షించును. కాని కన్ను చెప్పిన మాటను పూర్తిగా నమ్మదు. ఎడమచేత కుండ నెత్తి పట్టుకొని, కుడిచేతి వ్రేలి కణుపుతో మెల్లగా తట్టి, చెవి యొగ్గి వినును. ఖంగుమని మ్రోగెనా, కుండ మంచిది. మ్రోత మొద్దుబాఱెనా, కంటికి కానరాని పగులు ఎక్కడనో ఉన్నదని గ్రహించి దానిని ప్రక్కకు పెట్టును. పదార్థవిజ్ఞానశాస్త్రము చదువకయే ఆమె యెఱిగిన సత్యమిది: చూపు చొరలేని చోటికి ధ్వనిని పంపవచ్చును, తిరిగి వచ్చిన ధ్వనిని బట్టి లోపలి సంగతి తెలిసికొనవచ్చును.

వైద్యులు ఈ విద్యను రోగుల యెడ ప్రయోగించుట క్రొత్త గాదు. 1761లో వియన్నా నగరమున లియోపోల్డ్ ఔవెన్‌బ్రుగ్గర్ అను వైద్యుడు, రోగి ఱొమ్మును వ్రేళ్లతో తట్టి, ఆ మ్రోతను బట్టి లోపల నీరు చేరినదో లేదో కనుగొను పద్ధతిని వివరించుచు లాటిన్ భాషలో ఒక చిన్న గ్రంథమును ప్రకటించెను. ఆయన తండ్రి గ్రాజ్ పట్టణమున పూటకూళ్లయిల్లు నడపినవాడు. పీపాలను తట్టి వానిలో ద్రాక్షసారాయము ఎంతవఱకు మిగిలినదో తెలిసికొనుట కుమారుడు చిన్ననాడే చూచి యుండునని చెప్పుదురు.

ఱొమ్మును తట్టవచ్చును; కడుపును తట్టవచ్చును. మఱి మెదడు మాట యేమి? దట్టమైన యెముకతో చేసిన పెట్టెలో ప్రకృతి దానిని భద్రపఱచినది. ఆ పెట్టెలో కణితి పుట్టినచో అది ఎచట నున్నదో, ఎంతవఱకు వ్యాపించినదో, ఆరోగ్యవంతమైన మెదడు ఎచటినుండి మొదలగునో ధ్వని చెప్పగలదా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినవారి కథయే ఈ వ్యాసము. ఇందు విజయములు కలవు, పొరపాట్లును కలవు. విద్యార్థులకు ఆ పొరపాట్లే ఎక్కువ నేర్పగలవని నా నమ్మకము.

చేనిలో ఊద

మెదడులో పుట్టు కణితులన్నియు ఒక తీరువి కావు. మెదడును కప్పియుండు పొరలనుండి పుట్టునవి కొన్ని కలవు. ఇవి సాధారణముగా మెదడును ప్రక్కకు నెట్టుచు పెరుగును గాని దానిలో కలిసిపోవు. కనుక వీని ఎల్ల చాలవఱకు స్పష్టముగా నుండును. గ్లయోమా అను పేరుగల కణితుల తీరు వేఱు. నాడీకణములకు ఆసరాగా నుండి వానిని పోషించు గ్లయల్ కణములను పోలిన కణములతో ఇవి ఏర్పడును. ఇవి మెదడును నెట్టుటతో ఆగక, మెదడులోనికి వేళ్లు పాఱించును. వీని అంచునందు రోగకణములును ఆరోగ్యకణములును కలగాపులగముగా నుండును. ముఖ్యముగా మెల్లగా పెరుగు గ్లయోమాలు రంగునందును స్పర్శయందును మెదడునే పోలి యుండుటచేత, పుఱ్ఱె తెఱచి సూక్ష్మదర్శినితో చూచు శస్త్రవైద్యునికి గూడ అంచు ఎక్కడనో తెలియుట కష్టము.

వరి పండించు రైతునకు ఇట్టి చిక్కు సుపరిచితమే. చేనిలో ఊద మొలచును. లేతదశలో అది అచ్చముగ వరిమొక్క వలెనే యుండును. కలుపు తీయువారు ఊద యనుకొని వరిని పెఱికిన సందర్భములు గలవు. వరి యనుకొని ఊదను విడిచిన సందర్భములును గలవు. చేనిలోనైనచో పెఱికిన చోట మరల నారు నాటవచ్చును. మెదడులో నాటుటకు నారు లేదు. ఒకచోట చిటికెడు ఎక్కువ తీసినచో రోగికి మాట పోవచ్చును; మఱియొకచోట తీసినచో చేయి పడిపోవచ్చును. భయపడి తక్కువ తీసినచో మిగిలిన రోగము మరల పెరుగును. అంచు ఎక్కడ అను ప్రశ్న పండితుల వినోదము కొఱకు పుట్టినది గాదు. ఒక ఉపాధ్యాయుడు శస్త్రచికిత్స తరువాత తన విద్యార్థులను పేరుపెట్టి పిలువగలడా లేదా యను సంగతి దానిపై ఆధారపడి యుండును.

1895లో రాంట్‌జెన్ కనుగొన్న ఎక్స్ కిరణములు వైద్యుల కన్నులు తెఱపించినవి. కాని అవి ఎముకను చూపునంత బాగుగా మెత్తని భాగములను చూపజాలవు. మెదడును, అందలి కణితిని అవి వేఱుచేసి చెప్పలేకపోయెను. మెదడు నడుమ ద్రవముతో నిండిన గదులు కొన్ని కలవు. 1918లో వాల్టర్ డాండీ అను అమెరికా శస్త్రవైద్యుడు, ఆ గదులలోని ద్రవమును తీసి గాలిని నింపి ఎక్స్ కిరణ చిత్రము తీయు పద్ధతిని ప్రకటించెను. గదుల ఆకృతి చెదరి యున్నచో ప్రక్కన కణితి యున్నదని ఊహించుట దీని సారము. ఇది గొప్ప ముందడుగే. కాని రోగి పడిన బాధ తక్కువ గాదు, అపాయమును లేకపోలేదు. అంతకంటె సుకుమారమైన సాధనము కొఱకు శాస్త్రజ్ఞులు వెదకుచునే యుండిరి.

వినరాని ధ్వని

మనుష్యుని చెవి సెకనుకు సుమారు 20 మొదలు 20,000 కంపనముల వఱకు గల ధ్వనులను వినగలదు. అంతకు మించినవి అతిధ్వనులు. నేడు సామాన్యజనులు అల్ట్రాసౌండ్ అని పిలుచునది ఇదియే. గబ్బిలము ఇట్టి ధ్వనిని వెలువరించుననుటకు 1938లో హార్వర్డు విశ్వవిద్యాలయమున డొనాల్డ్ గ్రిఫిన్ అను యువకుడు, పియర్స్ అను భౌతికశాస్త్రజ్ఞుని పరికరము సాయమున సాక్ష్యము సంపాదించెను. మనుష్యులకు ఈ ధ్వనిని పుట్టించు సాధనము అంతకు చాలకాలము ముందే దొరకినది. 1880లో పారిస్ నగరమున పియరీ క్యూరీ, ఝాక్ క్యూరీ అను సోదరులు, కొన్ని స్ఫటికములను ఒత్తినచో వానిపై విద్యుత్తు పుట్టునని కనుగొనిరి. విద్యుత్తును ప్రయోగించినచో ఆ స్ఫటికములు సాగుచు ముడుచుకొనుచు కంపించునని తరువాత తేలినది. మొదటి ప్రపంచయుద్ధకాలమున పాల్ లాంజ్‌వే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఇట్టి స్ఫటికముల ఫలకములతో నీటిలోనికి అతిధ్వనులను పంపి, జలాంతర్గాములనుండి వచ్చు ప్రతిధ్వనులను పట్టు ప్రయత్నము చేసెను.

విద్యార్థులు ఇచట ఒక చిన్న లెక్క వేసికొనవచ్చును. మెదడులో ధ్వని సెకనుకు సుమారు 1,540 మీటర్లు పోవును. తలపై నుంచిన స్ఫటికము ఒక్క చిటుకు వేసినది. ఐదు సెంటీమీటర్ల లోతున ఏదో తగిలి ప్రతిధ్వని తిరిగి వచ్చినది. పోవుటకు ఐదు, వచ్చుటకు ఐదు, మొత్తము పది సెంటీమీటర్లు. దీనికి పట్టు కాలము సెకనులో పదిలక్షవ వంతులు సుమారు 65. కాలమును కొలిచినచో లోతు తెలియును. ఇక కంపనముల సంఖ్య సెకనుకు 50 లక్షలైనచో తరంగదైర్ఘ్యము 0.3 మిల్లీమీటరు మాత్రమే. తరంగము పొట్టిదైన కొలది సన్నని వివరములు తెలియును. కాని అట్టి ధ్వని త్వరగా సన్నగిల్లి లోతునకు పోజాలదు. సన్నదనము కావలెనన్నచో లోతును, లోతు కావలెనన్నచో సన్నదనమును కొంత వదలుకొనవలెను.

ప్రతిధ్వని ఎచట పుట్టును? ఒక పదార్థపు సాంద్రతను, అందు ధ్వని పోవు వేగముచేత గుణింపుడు. ఆ లబ్ధము రెండు పదార్థములకు వేర్వేఱుగా నున్నచో, అవి కలియు ఎల్లయొద్ద ధ్వనిలో కొంతభాగము వెనుకకు మరలును. భేదమెంత ఎక్కువో ప్రతిధ్వని యంత బిగ్గఱగా నుండును. మెదడునకును కణితికిని గల భేదము అల్పము. మెదడునకును ఎముకకును గల భేదము చాల అధికము. చిక్కంతయు ఇచటనే యున్నది. పుఱ్ఱె ధ్వనిని వెనుకకు తరుమును, మ్రింగును, దారి తప్పించును. ప్రక్కన దండోరా మ్రోగుచుండగా చెవిలో చెప్పిన రహస్యమును వినుట యెట్టిదో, పుఱ్ఱె మీదుగా కణితి మాటను వినుట అట్టిది.

వియన్నాలో కనిపించిన నీడలు

ఔవెన్‌బ్రుగ్గర్ నివసించిన ఆస్ట్రియా దేశముననే మఱియొక వైద్యుడు ఈ సాహసమునకు పూనుకొనెను. ఆయన పేరు కార్ల్ థియో డూసిక్, నాడీరోగ వైద్యుడు. భౌతికశాస్త్రజ్ఞుడైన సోదరుడు ఫ్రీడ్రిఖ్ ఆయనకు తోడుపడెను. తలకు ఒకప్రక్క ధ్వనిని పుట్టించు స్ఫటికమును, ఎదుటిప్రక్క దానిని గ్రహించు స్ఫటికమును ఉంచి, ఏ చోట ధ్వని ఎంత తగ్గి వచ్చుచున్నదో వెలుగునీడలుగా మార్చి కాగితముపై ముద్రించుట వారి పద్ధతి. డూసిక్ తొలి పత్రము 1942లో వెలువడెను. తరువాతి యేండ్లలో ప్రకటించిన చిత్రములలో మెదడు గదుల ఆకారము కనిపించుచున్నదని ఆయన భావించెను. గది ఆకారము తెలిసినచో కణితి జాడయు తెలియునుగదా!

శాస్త్రలోకము ఆశతో చూచినది. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున బోల్ట్, హ్యూటర్ మొదలైన భౌతికశాస్త్రజ్ఞులు, బాలంటైన్ అను శస్త్రవైద్యునితో కలిసి ఈ పద్ధతిని పరీక్షింపబూనిరి. 1952లో జర్మనీ దేశమున గ్యూట్నర్ బృందము ప్రకటించిన ఫలితము ఆ ఆశపై నీరు చల్లినది. ఆ చిత్రములలోని వెలుగునీడలకు పుఱ్ఱె మందములోని హెచ్చుతగ్గులే కారణమని వారు చూపిరి. అమెరికా బృందమును తుదకు అదే నిర్ణయమునకు వచ్చినది. గది గోడలని తోచినవి పుఱ్ఱె తన్ను గూర్చి తాను చెప్పుకొనిన మాటలే!

డూసిక్‌ను చూచి నవ్వుట తగదు. ఆయన మోసము చేయలేదు, యంత్రమును అబద్ధమాడలేదు. యంత్రము పుఱ్ఱెను గూర్చి సత్యమే చెప్పినది. వినినవాడు దానిని మెదడును గూర్చిన మాటగా గ్రహించెను. తాను ఏది చూడగోరుచుండెనో అదియే కనిపించినది. వైద్యమునందు అతిధ్వనితో లోపలి భాగములను చిత్రింపవచ్చునన్న ఊహను తొలుత ఆచరణలో పెట్టినవారిలో ఆయన యొకడన్న గౌరవము నేటికిని నిలిచియున్నది. ఆయన త్రోవలో మఱి నడువరాదని తెలియుటయు తరువాతివారికి లాభమే యైనది.

కణితి స్వరము వేఱు

అదే కాలమున అమెరికాలోని మినియాపోలిస్ నగరమున జాన్ జూలియన్ వైల్డ్ వేఱొక దారి త్రొక్కెను. ఆయన ఇంగ్లండులో పుట్టి, కేంబ్రిడ్జిలో చదివిన శస్త్రవైద్యుడు. యుద్ధకాలమున లండను నగరముపై బాంబులు పడినపుడు, ప్రేవులు స్తంభించి ఉబ్బిన రోగులకు ఆయన చికిత్స చేసి యుండెను. ప్రేవు గోడ మందమును కోయకయే కొలుచు ఉపాయమేమి అను ప్రశ్న ఆనాటినుండి ఆయనను వెన్నాడుచుండెను. మినియాపోలిస్ సమీపముననున్న నావికాదళ విమానస్థావరములో వింతయైన పరికర మొకటి యుండెను. వైమానికులకు రాడార్ విద్య నేర్పుటకై, నీటితొట్టిలో శత్రుదేశపు చిన్న నమూనా నుంచి, దానిపై సెకనుకు కోటి యేబదిలక్షల కంపనములు గల అతిధ్వనిని ప్రసరింపజేయుట దాని పని. యుద్ధము ముగిసినది, యంత్రము మిగిలినది. వైల్డ్ దానితో ప్రేవు ముక్కలను పరీక్షింప మొదలిడెను.

అపుడు ఆయనకు మందముకంటె విలువైన సంగతి తోచినది. రోగగ్రస్తమైన కణజాలము పంపు ప్రతిధ్వని, ఆరోగ్యవంతమైన కణజాలము పంపు ప్రతిధ్వనిని పోలి యుండుటలేదు. లైల్ ఫ్రెంచ్ అను మెదడు శస్త్రవైద్యుడు, డొనాల్డ్ నీల్ అను ఇంజనీరు ఆయనతో చేరిరి. మరణించినవారి మెదడులను పరీక్షించి, కణితి యున్నచోట ప్రతిధ్వనుల తీరు వేఱుగా నున్నదని 1950లో వారు ప్రకటించిరి. మఱుసటి సంవత్సరము మెదడు కణితుల స్థానమును కనుగొనుటకు ఈ పద్ధతిని ప్రయోగించుటను గూర్చి మఱియొక పత్రమును వెలువరించిరి.

డూసిక్ మార్గమునకును వైల్డ్ మార్గమునకును రెండు భేదములు గలవు. డూసిక్ ధ్వనిని తలలోనుండి ఆవలికి దాటించెను. వైల్డ్ వెనుకకు మరలిన ధ్వనిని వినెను. డూసిక్ ఎముక మీదుగా చూడబూనెను. వైల్డ్ బృందము ఎముక అడ్డులేని మెదడును ఆశ్రయించెను. దండోరా మ్రోగుచోట రహస్యము వినుటకు ప్రయత్నించుట మాని, తలుపు తెఱచుకొని లోపలికి పోయి వినిరన్నమాట.

ఎముక మీదుగా కొంత వినవచ్చునని నిరూపించిన ఘనత స్వీడన్ దేశీయుడైన లార్స్ లెక్సెల్‌కు దక్కినది. 1953లో లుండ్ నగరమున ఆయన, లోహములలోని పగుళ్లను వెదకు పరికరముతో, తలకు దెబ్బతగిలిన పసిబిడ్డను పరీక్షించెను. మెదడు కుడియెడమల నడుమనుండు మధ్యరేఖనుండి వచ్చు ప్రతిధ్వని ఒకప్రక్కకు తొలగి యున్నచో, రెండవప్రక్క రక్తమో కణితియో నెట్టుచున్నదని తెలియును. ఆయన పెద్ద ప్రశ్న వేయలేదు. ఎముక మీదుగా సమాధానము రాగల చిన్న ప్రశ్ననే వేసెను. ఆ పద్ధతి పలుదేశములలో చాలకాలము నడచినది. 1971లో లండన్‌లో తొలి రోగిపై ప్రయోగింపబడిన సి.టి. యంత్రమును, తరువాత ఎం.ఆర్.ఐ. యంత్రమును వచ్చి దానిని వెనుకకు నెట్టినవి.

శస్త్రశాలలో రెండవ పుట్టుక

సి.టి., ఎం.ఆర్.ఐ. చిత్రములు ఇంత స్పష్టముగా నుండగా ఇక అతిధ్వనితో పనియేమి అని పాఠకు లడుగవచ్చును. చిత్రము తీసినది నిన్న. కోత జరుగునది నేడు. పుఱ్ఱె తెఱచినంతనే ద్రవము కాఱును, కణితి తీసినకొలది చుట్టునున్న మెదడు క్రుంగును. ఒక్కొక్కపుడు సెంటీమీటరునకు మించిన కదలిక గలుగును. వరద వచ్చి గట్లు కదలిన పిమ్మట పాత పటముతో పొలము కొలిచినచో ఏమగునో, ఇచటను అదియే యగును. అతిధ్వని మాత్రము ఈ క్షణమున ఉన్న మెదడును చూపును. పుఱ్ఱెను శస్త్రవైద్యుడు ఎట్లును తెఱచియే యుండును గనుక డూసిక్‌ను వంచించిన ఎముక అడ్డమును ఉండదు.

1980 ప్రాంతమున కదలికలను అప్పటికప్పుడు తెఱపై చూపు యంత్రములు శస్త్రశాలలలో ప్రవేశించినవి. సూక్ష్మజీవిరహితమైన తొడుగులో నుంచిన చిన్న పరికరమును మెదడుపై మెల్లగా ఆనించినచో, గ్లయోమాలు సాధారణముగా చుట్టుప్రక్కల మెదడుకంటె ప్రకాశవంతముగా తెఱపై కనిపించును. నార్వే దేశమున ట్రాండ్‌హైమ్ నగరపు వైద్యులు, ఇంజనీర్లు ఈ చిత్రములను, పరికరములకు దారి చూపు యంత్రమును జోడించి, కోత నడుచుచుండగనే పటమును మరల మరల క్రొత్తగా గీసికొను పద్ధతిని వృద్ధిచేసిరి. ఇట్టి యంత్రము శస్త్రశాలలో నెలకొల్పు ఎం.ఆర్.ఐ. కంటె ఎంతయో చౌక. ధనిక దేశములు కాని వానికి ఇది చిన్న విషయము గాదు.

అయితే పాత పాఠము ఇచట మరల ఎదురైనది. కణితి తీసిన గుంటను ఉప్పునీటితో నింపి, అడుగున ఇంకను రోగము మిగిలినదేమో యని వైద్యుడు చూచును. అడుగు తళతళ మెఱయును. మిగిలిన కణితియా? కాకపోవచ్చును. మెదడులో పోవు ధ్వని దారిపొడవున క్రమముగా సన్నగిల్లును గనుక, లోతునుండి వచ్చు ప్రతిధ్వనులను హెచ్చించి చూపునట్లు యంత్రమును అమర్చుదురు. ఉప్పునీటిలో ధ్వని దాదాపుగా సన్నగిల్లదు. యంత్రమునకు ఆ సంగతి తెలియదు. అలవాటు చొప్పున హెచ్చించి చూపును. ఆరోగ్యవంతమైన అడుగు రోగమువలె మెఱయును. గడ్డకట్టిన రక్తమును, వాచిన మెదడును ఇట్లే భ్రమ గొల్పగలవు. ఆ మెఱపును నమ్మి కోసినవాడు మంచి మెదడును కోయును. వియన్నాలో నీడ చేసిన వంచనను ఇచట వెలుగు చేయుచున్నది. నార్వే బృందము దీనికి విరుగుడుగా, మెదడువలెనే ధ్వనిని సన్నగిల్లజేయు ద్రవమును రూపొందించి రోగులయందు పరీక్షించినది. యంత్రమును మార్చుటకంటె, అది చేయు ఊహకు తగినట్లు నీటిని మార్చుట ఎంత చక్కని యుక్తి!

గట్టిదా, మెత్తనిదా?

మెఱపు ఒక్కటియే సాక్షి గాదు. శస్త్రవైద్యుని వ్రేలు ఏనాటినుండియో మఱియొక సాక్ష్యమును సేకరించుచున్నది. అది కాఠిన్యము. నేడు ధ్వనియే వ్రేలుగా మాఱినది. బలమైన అతిధ్వనితో కణజాలమును రవ్వంత నెట్టినచో, అందు అడ్డముగా కదలు చిన్న తరంగము పుట్టి సెకనుకు కొలది మీటర్ల వేగమున ప్రాకును. గట్టి భాగములో త్వరగా, మెత్తని భాగములో మెల్లగా పోవును. ఆ వేగమును కొలిచి కాఠిన్యపు పటమును గీయుదురు. పారిస్ నగరమున మథియాస్ ఫింక్ బృందము ఈ విద్యకు పేరుపొందినది.

ధ్వని వేగమును బట్టి కాఠిన్యము నెఱుగుట ఆంధ్రులకు అపరిచితమైన విద్య గాదు. వాల్తేరునందలి ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆచార్యులుగా నుండి, తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైన సూరి భగవంతంగారు, భీమసేనాచార్‌తో కలిసి అతిధ్వనులతో వజ్రపు స్థితిస్థాపకతను కొలిచి, 1946లో ఆ ఫలితమును రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించిరి. అత్యంత కఠినమైన వజ్రమునకును, వెన్నవంటి మెదడునకును మూలసూత్ర మొక్కటియే. తరంగము పోవు తీరును బట్టియే పదార్థపు కాఠిన్యము తెలియును.

ఇచటను తొందర పనికిరాదు. కణితులు కొన్ని గట్టివి, కొన్ని మెత్తనివి. ఒకే కణితిలో రెండు తీరులును ఉండవచ్చును. కనుక వైద్యులు సాక్షుల నందఱిని పిలుతురు. రక్తనాళములలోనికి అతిసూక్ష్మమైన వాయుబుడగలను పంపి, రక్తప్రసారము ఎచట హెచ్చుగా నున్నదో ధ్వనితో చూతురు. కొన్ని కణితులను ప్రత్యేక ఔషధముతో ఎఱ్ఱగా మెఱయునట్లు చేసి కంటితో చూతురు. మాటకు సంబంధించిన చోట కోయునపుడు రోగిని మేలుకొలిపి మాటాడించుచు కోయుదురు. కణితి జాతిని నిర్ణయించు తుదితీర్పు మాత్రము, తీసిన ముక్కను ప్రయోగశాలలో పరీక్షించువారిదే. ధ్వని చెప్పునది 'ఇచట తేడా యున్నది' అను మాట మాత్రమే. ఆ తేడాకు పేరు పెట్టుట దాని పని గాదు.

ఉపాధ్యాయులు తరగతిలోనికి రెండు కుండలు తెచ్చి, ఒకటి మంచిది, ఒకటి పగిలినది, గుడ్డ కప్పి తట్టి చూపవచ్చును. ఏది పగిలినదో పిల్లలు వెంటనే చెప్పుదురు. పిమ్మట మంచికుండలో సగము నీరు పోసి మరల తట్టవలెను. మ్రోత మాఱును. దానినే పగిలినదని కొందఱు చెప్పుదురు. గుడ్డ తీసి చూపి, కుండ అబద్ధమాడినదా యని అప్పుడు అడుగవలెను. ఆ పిల్లలలో ఎవరో ఒకరు ఏదో ఒకనాడు శస్త్రశాలలో తెఱ ముందు నిలిచి, మెఱయుచున్న అంచును చూచి, కత్తిని కదలింపక ఒక్క క్షణ మాగి, ఇది కణితి మాటయా, నీటి మాటయా యని తన్ను తాను ప్రశ్నించుకొనవచ్చును. ఆ ఒక్క క్షణమునందు ఒక మనుష్యుని మాట నిలుచును.